పార్వతమ్మ పేరు మీద నా కడుపునొప్పి

నేను చేసిన తప్పులన్నీ తేదీలతో సహా నాకు గుర్తున్నాయి. చిన్నవి వదిలేస్తే పెద్దవి పదకొండు. పదింటిని మీకు చెప్పను. ఈ వయసులో కాస్త గౌరవం మిగలాలి కదా. పదకొండోది మాత్రం చెబుతాను. అది 2003 నవంబరు మూడు, సోమవారం నాడు మొదలై, డిసెంబరు తొమ్మిది, మంగళవారం నాడు టెక్కలిలో ఒక డాక్టరుగారి వరండాలో పేలింది. రెండు రోజుల్నీ కలుపుకుంటే ముప్పై ఏడు రోజులు. ఆ పేలుడు దెబ్బకి మా పెద్దాడి పెళ్లి కొంచెంలో తప్పిపోయేది. ఏ పాపమూ ఎరగని మా ఆవు కూడా మధ్యలో దెబ్బతింది.

మాది అక్కుపల్లి దగ్గర పల్లె. కొంత జీడితోట, కొంత కొబ్బరి. అప్పటికి నాకు నలభై తొమ్మిదేళ్లు. ఏది జరిగినా వంటింటి గోడ మీద క్యాలెండర్లో, టైముతో సహా రాయడం నా అలవాటు. గ్యాసుబండ ఎప్పుడు మార్చిందీ, కోడి ఎప్పుడు పొదిగిందీ, మా ఆయన ‘ఇప్పుడే వత్తాను’ అని వెళ్లి ఎన్ని గంటలకి వచ్చిందీ, అన్నీ అందులో ఉండేవి. మా ఆయన ఆ గోడ వైపు చూడకుండా భోజనం చేయడం నేర్చుకున్నాడు.

ఆ నవంబరు మూడు కార్తీక సోమవారం. ఉపవాసం. సరిగ్గా పదకొండు గంటల పది నిమిషాలకి రొమ్ము ఎముక కింద, బొడ్డుకి నాలుగు వేళ్ల పైన, ఎవరో నిప్పుకణిక పెట్టి గొట్టంతో ఊదుతున్నట్టు మంట మొదలైంది. మంటలోంచి నొప్పి. సాయంత్రం చుక్కని చూసి నాలుగు ముద్దలు తినగానే మాయం. ఉపవాసం వల్లే అనుకున్నాను. మంగళవారం ఉపవాసం లేదు. అయినా పదకొండుంపావుకి వచ్చింది. బుధవారం పదకొండూ ఐదుకి. మా ఊరి బస్సు కూడా ఏనాడూ అంత నిక్కచ్చిగా రాలేదు. తింటే పోయేది, రెండు మూడు గంటలు దాటి కడుపు ఖాళీ అయితే మళ్లీ వచ్చేది.

వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చు కదా అంటారు. మీది ఉద్దానం కాదు కాబట్టి అంటారు. కవిటి నుంచి మా వైపు దాకా ప్రతి ఊళ్లోనూ కిడ్నీ జబ్బు తెలిసిన ఇళ్లున్నాయి. అది నవ్వే విషయం కాదు, నేను నవ్వను. కానీ ఆ భయం వల్ల మాకు తుమ్ము వచ్చినా కిడ్నీయే, కాలి వేలికి రాయి తగిలినా కిడ్నీయే. కిడ్నీలు వెనక నడుము దగ్గర ఉంటాయనీ, నా నొప్పి ముందు వైపు ఉందనీ అప్పుడు నాకు తట్టలేదు.

ఇంకో సంగతి. ఆ రోజుల్లోనే మా పెద్దాడు శ్రీనుకి టెక్కలి పక్క పల్లెలో సంబంధం కుదురుతోంది. అంతకుముందు మూడు సంబంధాలు మా ఊరి పేరు వినగానే వెనక్కి తిరిగాయి. ఇది నాలుగోది. పైగా ఆ పిల్లని చూసొచ్చిన దగ్గర్నుంచి శ్రీను అన్నం దగ్గర తనలో తనే నవ్వుకుంటున్నాడు. ఇలాంటప్పుడు పెళ్లికొడుకు తల్లికి జబ్బు అని ఊళ్లో పొక్కితే ఇంకేమైనా ఉందా? నోరు మూసుకున్నాను.

వైద్యం మాత్రం మానలేదు. వాము నమిలాను. సోడా తాగాను. నిమ్మరసం తాగి గోడ పట్టుకుని నిలబడ్డాను. వీటన్నిటినీ మించిన తెలివి ఒకటి చూపించాను. నా మోకాళ్ల నొప్పులకి ఊళ్లో ఆరెంపీ ఇచ్చిన ఎర్రబిళ్ల ఉండేది. ఆరు నెలలుగా పొద్దున్నే ఐదుంపావుకి, పాలు లేని టీతో, ఖాళీ కడుపున మింగుతున్నాను. నొప్పి బిళ్ల అన్నాక మోకాలైతేనేం, పొట్టయితేనేం అని రెండో బిళ్ల మొదలుపెట్టాను. మింగితే కాసేపు తగ్గినట్టే ఉండేది. ఆ తర్వాత నొప్పి తన చుట్టాలందర్నీ వెంటేసుకుని వచ్చేది.

ఇక క్యాలెండర్. రాయకుండా ఉండలేను, రాస్తే ఇంటికొచ్చినవాళ్లు చదువుతారు. అందుకని నా నొప్పిని ఆవు పేరు మీద రాశాను. ‘ఆవుకి నొప్పి, 11.10. ఆవుకి బిళ్ల, 5.15. ఆవు మూడు అరటిపళ్లు తినగా తగ్గినది, 11.40.’ ఇలా ఇరవై రోజులు రాశాను. గోడ వైపు చూడని మా ఆయన ఇరవై ఒకటో రోజున, ఎందుకో ఏమో, చూశాడు.

మధ్యాహ్నానికి పశువుల కాంపౌండరుని వెంటబెట్టుకుని వచ్చాడు.

“ఓలే, ఆవుకి ఇరవై రోజులుగా కడుపునొప్పి అయితే నాకొక్క ముక్క సెప్పవేటే?”

కాంపౌండరు ఆవు పొట్ట తట్టాడు. చెవి పెట్టి విన్నాడు. నోరు తెరిచి చూశాడు. “దీనికేటీ నేదమ్మా. సుబ్బరంగా ఉంది. అయినా పదకొండూ పదికి నొప్పొచ్చిందని మీకెవులు సెప్పారు, ఆవే సెప్పిందేటి?”

“దాని కళ్లు సూసి తెలుసుకున్నాను” అన్నాను.

మా ఆయన ఆకాశం వైపు చూశాడు. “నాకు జొరమొత్తే మూడ్రోజులకి గానీ దీనికి తెలీదు. ఆవు మనసు మాత్రం నిమిషాలతో సహా తెలుస్తాది.”

వచ్చిన మనిషి ఊరికే పోకూడదని శొంఠీ వామూ నూరి, వెదురుగొట్టంతో ఆవు గొంతులో పోసి వెళ్లాడు. ఆ ఆవు ఆ తర్వాత ఎనిమిది రోజుల పాటు నన్ను చూసిన చూపు పగవాళ్లకి కూడా వద్దు.

నవంబరు ముప్పై, ఆదివారం నాడు పెళ్లికూతురి అమ్మానాన్నలు ఇల్లు చూడ్డానికి వచ్చారు. నాన్న సింహాచలంగారు. ముక్కుసూటి మనిషి, గంభీరంగా మాట్లాడతారు. తల్లి పార్వతమ్మ. నా వయసే, నాలాగే బొద్దుగా, నాలాగే మాటలపోగు. మాటల్లో ఉండగా పదకొండూ పది అయింది. నా నొప్పి కూడా చుట్టాలతో పాటు లోపలికొచ్చి కూర్చుంది. మొహం మారకూడదు కదా, పళ్లెంలో వాళ్ల కోసం పెట్టిన అరటిపళ్లు నేనే తినడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు.

“చెల్లెమ్మా, అడగడం బాగోదు గానీ, మీ ఇంట్లో ఎవరికీ ఆ జబ్బు నేదు కదా?” అని అడిగారు సింహాచలంగారు.

“నేదన్నయ్యా” అన్నాను నాలుగో పండు నోట్లో ఉండగా.

వెళుతూ ఆయన “రెండు వారాల్లో మాట సెప్తాం” అన్నారు. పార్వతమ్మ “మా వొదినకి అరటిపళ్లంటే ఎంతిష్టమో” అంది. మొత్తం ఆరు తిన్నాను.

ఆ రెండు వారాల్లోగా నా జబ్బేదో తేల్చుకోవాలి. నిజంగా కిడ్నీయే అయితే అబద్ధం చెప్పి ఒకరి పిల్లని తెచ్చుకోలేను. అంత మనిషిని కాను. అందుకని లెక్క వేశాను. పలాసలో ఏ డాక్టరు గుమ్మంలోనైనా మా ఊరివాళ్లు ఇద్దరుంటారు. టెక్కలి అయితే ఎవరూ ఎరగరు. టెక్కలి పక్కనే పెళ్లికూతురివాళ్లు ఉన్నారు, నిజమే. కానీ వాళ్లకి అది వరికోతల సమయం. మంగళవారం నాడు కోతలు వదిలేసి ఎవరొస్తారు? పెళ్లి చీరలు చూసొస్తానని మా ఆయనకి చెప్పి, గోడ మీంచి రెండు నెలల కాగితాలు చించి సంచిలో పెట్టుకుని, పొద్దున్న ఆరున్నరకి బస్సెక్కాను. పలాసలో మారి టెక్కలిలో దిగాను.

వరండాలో కాంపౌండరు పుస్తకం తెరుచుకుని కూర్చున్నాడు.

“పేరు?”

దారంతా ఒక మంచి దొంగపేరు ఆలోచించుకుంటూ వచ్చాను. అడగ్గానే అది ఎగిరిపోయింది. నెల్లాళ్లుగా మా ఇంట్లో పొద్దున లేస్తే వినబడే పేరే నోట్లోంచి ఊడిపడింది.

“పార్వతమ్మ.”

“ఊరు?”

పేరు ఎలాగూ జారింది, ఊరు కూడా దాని వెంటే జారింది. పెళ్లికూతురివాళ్ల ఊరే చెప్పాను. చెప్పి, ముసుగేసుకుని, ఒక మూల బెంచీ మీద గోడ వైపు తిరిగి కూర్చున్నాను. నా వీపుకి వీపు ఆనించి ఇంకో ఆవిడ, ఆవిడా ముసుగేసుకునే, ఎదుటి గోడ వైపు తిరిగి కూర్చుంది. పాపం ఎవరికి ఏం కష్టమో అనుకున్నాను.

పదకొండూ పదికి నా నొప్పి టెక్కలి కూడా వచ్చేసింది. సరిగ్గా అప్పుడే కాంపౌండరు గట్టిగా కేకేశాడు.

“దమయంతమ్మ! అక్కుపల్లి వైపు నుంచొచ్చిన దమయంతమ్మ ఎవరండీ?”

నా పేరు దమయంతి. నలభై తొమ్మిదేళ్లుగా ఆ పేరుకి లేచిన ఒళ్లు, ఆగమంటే ఆగుతుందా? లేచి నిలబడ్డాను. నా వెనకావిడ కూడా లేచి నిలబడింది. ఇద్దరం ఒకేసారి వెనక్కి తిరిగాం. ముసుగులు జారాయి.

పార్వతమ్మ!

“ఇద్దరు లేచారేటి? దమయంతమ్మ ఎవరు?” అన్నాడు కాంపౌండరు.

“నానే” అంది పార్వతమ్మ, నా కళ్లలోకి చూస్తూ.

“మరి మీరో?”

నేను గొంతు సవరించుకున్నాను. “నాను పార్వతమ్మని బాబూ.”

పార్వతమ్మ నోరు ఎంత తెరుచుకుందంటే, డాక్టరుగారు అక్కడి నుంచే లోపలి అవయవాలన్నీ చూసేయొచ్చు.

“ఒలమ్మో వొదినా!” అని నా చెవిలో గొణిగింది. “ఇక్కడ నా పేరు సెప్తే మా ఆయన సెవిన పడిపోద్ది, మారుద్దామనుకున్నాను. నోటికి మీ పేరూ, మీ ఊరే వచ్చాయి. రోజూ ఇంట్లో మీ గొడవే కదా!”

“మరి నీకేటి జబ్బు?”

“ఖాళీ కడుపున నొప్పి. మరి మీకో?”

“అదే.”

కాంపౌండరు “ఎరిగున్నోళ్లేటి? ఇద్దరూ కలిసి ఎల్లండి” అని లోపలికి తోశాడు. మేం అబద్ధం చెప్పామని ఇరవై మంది ముందు ఒప్పుకోవడం కన్నా నొప్పితో పోవడమే నయమనిపించింది. ఒకరి పేరు ఒకరం మోసుకుంటూ లోపలికి వెళ్లాం.

డాక్టరుగారు మంచివారు. ముందు నన్ను పిలిచారు. “పార్వతమ్మగారూ, నొప్పి ఎప్పుడెప్పుడొస్తుంది?” నేను క్యాలెండర్ కాగితాలు తీసిచ్చాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివారు. “ఆవుకి నొప్పి, పదకొండు పది... ఆవు టీ తాగినది...” చదవడం ఆపి నా వైపు జాలిగా చూశారు. “అమ్మా, ఇది మనుషుల ఆసుపత్రి.”

“ఆవంటే నానేనండీ” అన్నాను.

అర్థమయ్యాక ఆయన వేలు ఒకచోట ఆగింది. “ఈ ఐదుంపావు బిళ్ల ఏమిటి?” చూపించాను. “ఖాళీ కడుపున?” అవునన్నాను. “రోజుకి రెండు?” నొప్పికి నొప్పిబిళ్లే కదండీ అన్నాను. ఆయన రెండు చేతులతో తల పట్టుకున్నారు.

“అమ్మా, మన పొట్టలో పుల్లటి రసం ఊరుతుంది. తిండి ఉంటే తిండిని అరిగిస్తుంది. పొట్ట గోడకి అది తగలకుండా లోపల ఒక పూత ఉంటుంది. ఆ పూతని మీ ఎర్రబిళ్లలు గీకేశాయి. ఇప్పుడు పొట్ట ఖాళీ అయినప్పుడల్లా ఆ రసం గోడనే కొరుకుతోంది. పైన టీ, నిమ్మరసం. మీ లక్షణాలన్నీ పుండువే. కొందరికి పొట్టలో ఒక రకం క్రిమి చేరినా ఇలాగే అవుతుంది, దానికీ మందు రాస్తాను.”

“అయితే కిడ్నీ కాదేటండి?”

“పరీక్ష చేసి చెబుతాను. కానీ ఈ బిళ్లలు ఏళ్ల తరబడి ఇలాగే మింగితే, బాగున్న కిడ్నీని మీరే పాడుచేసుకుంటారు.”

చూశారా! దేనికి భయపడి దాక్కున్నానో, దాన్నే రోజుకి రెండుసార్లు టీతో పిలుస్తున్నాను.

తర్వాత పార్వతమ్మ వంతు. “దమయంతమ్మగారూ, చుట్ట అలవాటుందా?”

“ఛీ, లేదండీ!” అన్నాను.

“మిమ్మల్ని కాదు పార్వతమ్మగారూ. దమయంతమ్మగారిని.”

పార్వతమ్మ నేల చూపులు చూసింది. మా వైపు ఆడవాళ్లు కొందరు చుట్టని అడ్డంగా, నిప్పు కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. “రోజుకి నాలుగండి” అంది. “తెల్లారగట్ల ఏటీ తినకముందే రెండు.” డాక్టరుగారు గట్టిగానే తిట్టారు. పొగ పొట్టలో పుండుని మాననివ్వదన్నారు. నోటికి అంతకన్నా పెద్ద జబ్బే తెస్తుందన్నారు.

ఇద్దరికీ దాదాపు ఒకే వైద్యం. నాకు ఎర్రబిళ్ల బంద్, ఆవిడకి చుట్ట బంద్. పొద్దున టిఫినుకి అరగంట ముందు ఒక గొట్టంబిళ్ల, అదే క్యాప్సూలు. రెండు వారాలు మిగతా మందులు ఒక్క పూటా తప్పకుండా వాడాలి. గంటల తరబడి పొట్ట మాడ్చకూడదు. ఖాళీ కడుపున టీ కూడదు. విరేచనం తారులా నల్లగా అయినా, వాంతిలో నెత్తురు కనబడినా ఆ నిమిషమే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. తగ్గకపోతే శ్రీకాకుళంలో నోట్లోంచి గొట్టం వేసి చూపించుకోవాలి. కిడ్నీ పరీక్షల్లో ఇద్దరికీ ఏ దోషమూ లేదు. ఆ మాట వినగానే నాకు కళ్లనీళ్లొచ్చాయి. పార్వతమ్మకీ వచ్చాయి. నా కాగితం మీద పార్వతమ్మ అని ఉంది, ఆవిడ కాగితం మీద దమయంతి అని ఉంది.

బస్టాండు దగ్గర హోటల్లో చెరి నాలుగు ఇడ్లీలు తిన్నాం.

“వొదినా, మా ఆయనకి తెలిస్తే నా పని అయిపోద్ది” అంది పార్వతమ్మ. “మా అత్త ఈ అడ్డచుట్టతోనే నోట్లో పుండు పుట్టి పోయింది. అప్పుడు నానూ మానేత్తానని ఆయన తల మీద ఒట్టేశాను. మూడేళ్లై దొంగతనంగా కాలుస్తన్నాను. పొలం నుంచి ఆయనొచ్చేసరికి లవంగం నమిలేస్తాను.”

“నాను సెప్పను. నువ్వూ నా సంగతి సెప్పకు” అన్నాను. ఇడ్లీ సాక్షిగా ఒప్పందం చేసుకున్నాం.

ఇక అంతా సుఖమే అనుకుంటున్నారా? మా ప్రాంతం సంగతి మీకింకా తెలియలేదు. సంబంధం చూసుకునేటప్పుడు కుర్రాడి జీతం కన్నా ముందు చుట్టుపక్కల డాక్టర్ల దగ్గర వాకబు చేస్తారు. సింహాచలంగారు పలాసలో అయ్యాక టెక్కలికి వచ్చారు. కాంపౌండరు పుస్తకం తిప్పాడు. “అక్కుపల్లి వైపు దమయంతమ్మా? మొన్న మంగళవారమే వచ్చిందండి. కిడ్నీలు బాగున్నాయి. కానీ చుట్ట మనిషి. రోజుకి నాలుగు. డాక్టరుగారు తిట్టిన తిట్లు రోడ్డు మీదకి వినిపించాయి.”

డిసెంబరు పదమూడు, శనివారం నాడు సింహాచలంగారు, పార్వతమ్మ, ఇద్దరు పెద్దమనుషులు మా ఇంటికి దిగారు. నేను నీళ్లివ్వబోతే ఆయన తీసుకోలేదు.

“చెల్లెమ్మా, మీ ఊరని నేను వెనకాడలేదు. కిడ్నీ నేదని తెలిసి సంతోషించాను. కానీ మా అమ్మని తినేసిన అలవాటున్న ఇంటికి నా కూతురినెలా పంపను? నువ్వు చుట్ట కాలుస్తన్నావంట కదా.”

మా ఆయన చేతిలోని కొబ్బరిబొండం కిందపడింది. పక్కన శ్రీను మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. పార్వతమ్మ ఆయన వెనక నిలబడి రెండు చేతులూ జోడించింది. నిజం చెబితే నా పరువు నిలుస్తుంది, ఆవిడ ఒట్టు బయటపడుతుంది, ఆ ఇంట్లో నిప్పు రేగుతుంది. అలాంటి ఇంట్లో పెళ్లేం జరుగుతుంది?

“నిజమే అన్నయ్యా” అన్నాను.

“నిజమేటే!” అని అరిచాడు మా ఆయన. “ఎప్పట్నుంచి?”

“రోజుకెన్ని?” అని అడిగారు సింహాచలంగారు.

లెక్క తప్పడం నాకు చేతకాదు గానీ కాల్చని చుట్టలకి లెక్కేమిటి? “రెండు” అన్నాను. పార్వతమ్మ దగ్గింది. “నాలుగు” అన్నాను. “తెల్లారగట్ల ఏటీ తినకముందే రెండు.”

“మానేత్తానని మాటిత్తావా?”

“మానేత్తాను. ఈ రోజు నుంచే. ఒక్కటి కాలిస్తే నన్ను మీ గుమ్మం ఎక్కనీయకండి.”

సింహాచలంగారి కళ్లు చెమర్చాయి. వెనక్కి తిరిగి భార్యతో “సూశావా, మనిషంటే అలాగుండాలి. తప్పు ఒప్పేసుకుంది” అన్నారు. పార్వతమ్మ కొంగు నోట్లో కుక్కుకుని తలూపింది. అది ఏడుపో నవ్వో ఈ రోజుకీ తెలియదు. ఆ సాయంత్రమే ముహూర్తం మాట్లాడుకున్నాం.

వాళ్లు వెళ్లాక మా ఆయన కిందపడ్డ బొండం తీస్తూ అడిగాడు. “ఓలే, నిజం సెప్పు. ఆవు కూడా కాలుస్తాదేటి?”

నా నొప్పి రెండు వారాల మందుకి తొంభై పాళ్లు పోయింది, ఆరు వారాలకి పూర్తిగా పోయింది. ఫిబ్రవరిలో పెళ్లయింది. కోడలు బంగారం. కానీ మా వియ్యంకుడు నా త్యాగాన్ని మరిచిపోయే మనిషి కాదు. ఏ శుభకార్యమైనా పదిమందిలో నన్ను చూపించి “మా చెల్లెమ్మ ఒక్క రోజులో నాలుగు చుట్టలు మానేసింది” అంటాడు. ఒకసారి వాళ్ల ఊళ్లో మహిళా సంఘం మీటింగు పెట్టి నన్ను మాట్లాడమన్నాడు. మాట్లాడాను. జన్మలో చుట్ట ముట్టని నేను, చుట్ట ఎలా మానాలో పాతిక నిమిషాలు చెప్పాను. తెల్లారగట్ల నోరు ఊరితే ఏం చేయాలో చెప్పాను. ముందు వరసలో కూర్చుని కన్నీళ్లు పెట్టుకుని విన్నది ఒక్క పార్వతమ్మే. ఆ మర్నాటి నుంచి ఆవిడ నిజంగానే మానేసింది. ఇద్దరి తరఫున చప్పట్లు మాత్రం నాకు పడ్డాయి.

కాబట్టి, పాఠకులారా, మీ అందరి ఎదుటా, నిండు మనసుతో, నిండు కడుపుతో ప్రతిజ్ఞ చేస్తున్నాను. డాక్టరు చెప్పని నొప్పిబిళ్ల నోట్లో వేసుకోను. నొప్పొస్తే మొదటి రోజే, నా పేరుతో, నా మొహంతో డాక్టరు దగ్గరికి వెళతాను. ఇక చుట్ట సంగతంటారా? అది ముట్టనని మా వియ్యంకుడి ముందు ఇప్పటికే పదిహేడు సార్లు ఒట్టేశాను. నా అన్ని ఒట్లలోనూ ఇంత తేలిగ్గా నిలబెట్టుకున్నది ఇదొక్కటే.